మొఖం చూడని పని

మొన్న ఆదివారం అత్తాపూర్‌లో ఎక్స్‌ప్రెస్‌వే స్తంభాల పక్కన, పాత బట్టలు కుప్పపోసి అమ్మే చోట, ఒకామె మగవాళ్ల పొడుగుచేతుల చొక్కా ఎంచుకుంటోంది. రంగు చూడలేదు, కాలరు చూడలేదు. చేతుల చివర బొత్తాలు ఉన్నాయా లేవా అన్నదే చూసింది. చీర మీదే తొడుక్కుని, మణికట్ల దగ్గర బొత్తాలు పెట్టుకుని, మట్టితట్ట ఎత్తుతున్నట్టు ఒకసారి వంగి లేచింది. చంకల దగ్గర పట్టేసిందేమో, విప్పి కుప్పలో పడేసి ఇంకొకటి తీసింది. అమ్మేవాడు విసుక్కున్నాడు. నేను కూరగాయల సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. మా మేటక్క చొక్కా కొంటే సరిగ్గా ఇలాగే కొనేది. అమ్మేవాడు విసుక్కుంటే మాత్రం ఊరుకునేది కాదు, వాడి తాతముత్తాతల దాకా వెళ్లేది. ఆమె పోయి ఏడాది దాటింది.

మేటక్క అన్నది ఆమె పేరు కాదు. ఉపాధి హామీ పనిలో జట్టుకొక పెద్ద ఉంటుంది, ఆమెను మేట్ అంటారు. పొద్దున్నే అందరినీ పోగుచేసి పని చోటుకు తీసుకుపోవడం, హాజరు వేయించడం, చివర కొలతలు ఇప్పించడం ఆమె పని. ఆ మేట్‌కు ఊరు అక్కను కలిపింది. ఆమె కంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా మేటక్కా అనే పిలిచేవారు. అసలు పేరు ఒకటుంది గానీ దాంతో పిలిస్తే పలికేది కాదు. బతికుండగా పలకని పేరు ఇప్పుడు నేను రాయడం ఎందుకని రాయడం లేదు.

పొట్టి మనిషి. నోరు పెద్దది. ఎడమ భుజం కుడిదాని కంటే కిందికి జారి ఉండేది. అది పుట్టుకతో వచ్చింది కాదు. వయసులో ఉన్నప్పుడు శంషాబాద్ అడ్డా నుంచి ఎవరో మేస్త్రీ వెంట బిల్డింగు పనికి పోయి, ఇటుకలు మోస్తూ మెట్ల మీద నుంచి పడింది. ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. అడ్డా అంటే కూలీలు పొద్దున్నే వచ్చి నిలబడే రోడ్డు మూల. మేస్త్రీలు బండ్లలో వస్తారు, మనుషులను చూసుకుంటారు, కావలసిన వాళ్లను ఎక్కించుకుని పోతారు. మిగిలినవాళ్లు ఎండ ఎక్కేదాకా నిలబడి, కట్టుకొచ్చిన సద్ది విప్పకుండానే ఇంటికి పోతారు. భుజం విరిగిన తరువాత మేటక్క ఎప్పుడూ మిగిలినవాళ్లలోనే ఉండేది.

ఆ కథ ఆమె ఏడుస్తూ చెప్పేది కాదు, తిడుతూ చెప్పేది. "ఎడ్లను కొనేటోడు గూడ పండ్లే చూస్తడు. గీ మేస్త్రీగాళ్లు పై నుంచి కిందిదాంక చూస్తరు. చూసి మొఖం తిప్పుకొని పోతరు. నేను పనిచేస్తనా లేదా అని ఒక్కడన్న అడిగిండా?"

ఉపాధి పనిలో ఆ చూపు లేదు. అడిగిన ఇంటికి పని ఇవ్వాలి, అంతే. అడ్డా మీద ఎవరూ పిలవని మనిషిని, ఉపాధి పని నడిచే మా ఊరి గుట్ట కింద ఎవరూ వద్దనలేదు. పైగా నోరున్న మనిషి అని జట్టుకు పెద్దను చేశారు. అంతకంటే పెద్ద గౌరవం ఆమెకు బతుకులో ఇంకొకటి దక్కలేదు. ఆమెకు కూడా ఆ సంగతి తెలుసు. "గీడ మొఖం చూసి పిలిచేటోడు లేడు" అని రోజుకు ఒకసారైనా అనేది. కొత్తవాళ్లెవరైనా వస్తే ఇంకొంచెం గట్టిగా అనేది.

ఒకప్పుడు ఆ కొత్తదాన్ని నేనే. మా అత్తవారి ఊరు శంషాబాద్ నుంచి షాద్‌నగర్ పోయే పెద్దరోడ్డు దిగి లోపలికి పోతే వస్తుంది. విమానాలు మా ఊరి మీదుగా చక్రాలు దించుకుంటూ పోతాయి. పోతున్నంతసేపూ ఎవరూ మాట్లాడరు, పోయాక ఆగిన మాట అక్కడి నుంచే అందుకుంటారు. నేను శంషాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. కరోనా ఏడాది బడి మూశారు, జీతం ఆపేశారు. మా ఆయన ఆటో వాకిట్లో దుమ్ము పట్టింది. మాకున్న చెక్క భూమి మా కడుపులకు చాలదు. ఒకరోజు మా అత్తకు చెప్పకుండా నేనే పోయి జాబ్ కార్డు మీద పేరు ఎక్కించుకుని, మొఖానికి కొంగు చుట్టుకుని గుట్ట కిందికి పోయాను. నన్ను ఎవరూ గుర్తుపట్టరని నా ధీమా.

"టీచరమ్మా!" అని గుట్ట అదిరేట్టు అరిచింది మేటక్క. "కొంగు తియ్యి. నువ్వు దొంగతనానికి రాలే, పనికొచ్చినవు. గీ గడ్డపార పట్టు. ఇది చాక్‌పీసు లెక్క ఇరగదు, భయపడకు."

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఎండకు మండిందో ఆమె మాటకు మండిందో గానీ ఆ కోపంలో గంటసేపు తల ఎత్తకుండా తవ్వాను. అరచేతులు బొబ్బలెక్కాయి. మధ్యాహ్నం ఆమె వచ్చి నా చేతులు చూసి తన తలకు చుట్టుకున్న తువ్వాలు చింపి కట్టింది. కడుతూ మళ్లీ తిట్టింది, తువ్వాలు పాడైందని.

గుట్ట వాలులో వాన నీళ్లు ఆగడానికి కందకాలు తవ్వే పని మాది. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క. తవ్వుతూ మధ్యలో చిన్న దిమ్మె అలాగే వదిలేయాలి. ఎంత లోతు తవ్వామో ఆ దిమ్మెను చూసి కొలుస్తారు. కూలి జట్టు మొత్తం తవ్విన దాన్ని బట్టి పడుతుంది కాబట్టి ఒకరు వెనకబడితే అందరికీ తగ్గుతుంది. పక్క ఊరి జట్లలో ఈ మాట మీద రోజూ కొట్లాటలు. ముసలివాళ్లను, పచ్చి బాలింతలను జట్టులో చేర్చుకునేవారు కాదు. మేటక్క జట్టులో పద్ధతి వేరు. నీ ముక్క అయిపోతే నువ్వు పక్క ముక్కలోకి దిగాలి. ఒడ్డున కూర్చోవడం కుదరదు. చివరి మనిషి ముక్క అయ్యేదాకా ఒక్కరు కూడా చెయ్యి కడుక్కోకూడదు.

నాకు మొదట ఇది అన్యాయంగా తోచింది. నేను తొందరగా తవ్వుకుని నీడకు పోదామంటే నా పక్క ముక్క ఒక అవ్వది. ఆమె గడ్డపార ఎత్తితే అది దిగడానికి ఒక విమానం పోయేంతసేపు పట్టేది. తల ప్రాణం తోకకొచ్చేది. మూడోరోజు నేను గొణిగితే మేటక్క విన్నది.

"అవ్వను వద్దందమా టీచరమ్మా? చెప్పు. ఇయ్యాల అవ్వను వద్దందం. రేపు ఆ బాలింతను వద్దందం. ఎల్లుండి నా బుజం చూసి నన్ను వద్దను. ఇగ నువ్వొక్కదానివే తవ్వుకో గుట్టంత."

నేను అవ్వ ముక్కలోకి దిగాను. తరువాత మేటక్క అవ్వ చేతిలోంచి గడ్డపార తీసుకుని నీళ్ల బిందె ఇచ్చింది. అందరికీ నీళ్లు పోయడం కూడా ఆ పథకంలో పనేనట. అవ్వ ఆ పనిని ఎంత హోదాగా చేసేదంటే, అడగకుండా గ్లాసు ముట్టుకుంటే మా చేతి మీద కొట్టేది.

రోజుకు రెండుసార్లు జట్టంతా వరసగా నిలబడితే మేటక్క ఫోన్లో ఫోటో తీసి పైకి పంపాలి. అది మా అందరికీ ఒక పండగ. ఎండకు కళ్లు చికిలించి ఒకరు, దుమ్ముకు తుమ్ముతూ ఒకరు. విమానాశ్రయం పక్కనే ఉన్నా మా గుట్ట కింద సిగ్నల్ ఉండేది కాదు. ఆమె చొక్కా బొత్తాలు పైదాకా పెట్టుకుని, ఫోను ఎత్తి పట్టుకుని, బండల మీద బండ ఎక్కుతూ దేశంలో ఉన్న ఫోను కంపెనీలన్నింటినీ తిట్టేది. "మొఖం చూడని పని అంటివి, మరి గిదేంది మేటక్కా?" అని ఎవరో అడిగితే, "ఫోను చూస్తే చూడనియ్యి. అది ఎవల్నీ వద్దనదు" అంది. అన్ని వందల ఫోటోలు తీసింది గానీ తను ఒక్కదాంట్లోనూ లేదు. ఫోను పట్టుకున్న మనిషి ఫోటోలో ఉండదు గదా.

ఇంకొక దృశ్యం చెప్పాలి. దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది, ఆ సంతోషం మీద కోపం కూడా వస్తుంది. మా ఊళ్లో ఎకరాలకు ఎకరాలు టమాటా పెట్టే పటేల్ ఒకాయన ఉండేవాడు. పూర్వం ఆయన పొద్దున్నే వాడలో బండి ఆపి హారన్ కొడితే ఆడవాళ్లు పరిగెత్తేవారు. ఆయన ఎంతిస్తే అంత. ఉపాధి పని నడిచే రోజుల్లో ఆయన బండి గుట్ట కిందికే వచ్చింది. కాయ పండిపోతోంది, మనుషులు కావాలి.

"రేపు పదిమందిని పంపియ్యి" అన్నాడు ఒడ్డు మీద నిలబడి.

మేటక్క నీళ్లు తాగుతోంది. ఆమె ఎప్పుడూ కూర్చుని నీళ్లు తాగేది కాదు, నిలబడే, గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకునేది. ఆ రోజు ఆ గ్లాసు ఎంతకీ అయిపోలేదు. అవ్వ ఇంకొక గ్లాసు పోసింది. అది కూడా నిదానంగా తాగింది. పటేల్ నెత్తి మీద ఎండ.

"పంపుత పటేలా" అంది మూతి తుడుచుకుని. "గీడ పడే కూలి కంటే జర ఎక్కువియ్యాలె. పొద్దుమూకేదాంక ఉంచొద్దు. ఆటోల తీస్కపోయి ఆటోల దింపాలె. సరే అంటే చెప్పు, లేకుంటే మాకు ఈడ పని ఉన్నది."

ఆయన మొఖం ఎర్రబడింది. కానీ ఒప్పుకున్నాడు. బండి వెళ్లిపోయాక ఆడవాళ్లు నవ్విన నవ్వు గుట్ట మీద చాలాసేపు ఉంది. మా మామగారికి కూడా ఈ పథకం మీద మంట. కూలికి కైకిలోళ్లు దొరకడం లేదని, దొరికినా మాట్లాడుతున్నారని ఇంట్లో రోజూ గొణిగేవారు. వాళ్లు ఎదురు మాట్లాడటమే ఆయనకు పెద్ద కష్టంగా ఉండేది. బడి తెరిచి నేను మళ్లీ ఉద్యోగానికి పోయాక కూడా ఎండాకాలం సెలవుల్లో ఏటా కొన్ని రోజులు ఆ గుట్టకు పోయేదాన్ని. కూలి ఆలస్యంగా పడేది, నిజమే. కానీ అంత నవ్వు నాకు స్టాఫ్ రూములో దొరకలేదు.

తరువాత ఊరిని మున్సిపాలిటీలో కలుపుతారని మాట పుట్టింది. భూములున్నవాళ్లు ప్లాట్ల ధరలు లెక్కేసుకున్నారు. చిన్న రైతులు ఇంటిపన్నుకు భయపడ్డారు. భూమీ లేక, పన్ను కట్టే ఇల్లూ లేక ఉన్న మా జట్టు ఆడవాళ్లకు ఎటూ చెప్పడానికి ఏమీ లేదు. మేటక్కకు మాత్రం ఉంది. ఆమె శంషాబాద్ బ్యాంకుకు పోయినప్పుడు రోడ్డు ఊడ్చే మున్సిపాలిటీ ఆడవాళ్లను చూసింది. మెరిసే పట్టీల జాకెట్లు, చేతులకు తొడుగులు, హోటల్ ముందు నిలబడి చాయ తాగుతున్నారు. ఒకామెను నిలదీసి అడిగితే నెలనెలా జీతం అని చెప్పిందట. ఆ రోజు నుంచి మేటక్క కళ్లు ఆ జాకెట్ మీదే.

"ఊరు కలిస్తే ఊరు ఊడ్వాలె గద? ఎవలు ఊడుస్తరు? హాజరు అలవాటైనోళ్లం మనమే. మనల్ని కాదని ఎవర్ని తీసుకుంటరు?" అని జట్టుకు చెప్పింది. "ఎండాకాలం ఒక్కటే గాదు, పన్నెండు నెలల పని."

కొత్వాల్‌గూడలో ఉండే మేటక్క వదిన ఫోను చేసి, పట్నంలో కలిసిన ఊర్లలో ఉపాధి పని ఉండదట, జర చూసుకో అని చెవిలో వేసింది. మేటక్క ఆమె మీద కూడా ఎగిరింది. నువ్వెప్పుడన్న గడ్డపార పట్టినవా, నీకేం తెలుసు అంది. మేట్‌గా ఇన్నేళ్లు సర్కారుతో మాట్లాడిన మనిషి, సర్కారు ఉన్న పని తీసేసి ఊరుకుంటుందని ఆమె తలకు ఎక్కలేదు. ఒకటి తీస్తే అంతకంటే పెద్దది ఇస్తుందనే అనుకుంది. చదువుకున్న నాకూ అలాగే అనిపించింది.

పంచాయతీ ముందు షామియానా వేసి గ్రామసభ పెట్టారు. ఆఫీసు నుంచి వచ్చిన పెద్దసారు ఊరిని కలిపే కాగితం ఏదో చదివి, మీ అభిప్రాయం చెప్పండి అన్నాడు. పటేళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు మేటక్క లేచి, మంచి చెయ్యి, కుడి చెయ్యి, చెవికి ఆనించి పైకెత్తింది. ఎత్తి వెనక్కు తిరిగి చూసింది. ఆ చూపు గుట్ట కింద మాకందరికీ అలవాటే. వరస మొత్తం చేతులెత్తింది. అవ్వ కూడా ఎత్తింది. పెద్దసారు చప్పట్లు కొట్టాడు.

ఆ చేతులు ఎత్తినా ఎత్తకపోయినా ఊరు కలిసేదే. ఎప్పుడో పైన తేలిపోయిన సంగతిని మా ముందు చదివారంతే. ఈ మాట తరువాత నేను ఆమెకు చెప్పి చెప్పి విసిగిపోయాను. ఒక్కసారి కూడా నమ్మలేదు.

ఎండాకాలం వచ్చింది. ప్రతి ఏటిలాగే ఆడవాళ్లు పారలు, తట్టలు పట్టుకుని తెల్లవారే మేటక్క వాకిట్లో చేరారు. పని ఎప్పుడు తెరుస్తారో కనుక్కొస్తానని ఆమె ఆఫీసుకు పోయింది. నాకు ఆ రోజు సెలవు, నేనూ అక్కడే ఉన్నాను. మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. చెప్పులు విప్పింది, బిందెలోంచి నీళ్లు ముంచుకుంది, తాగకుండానే మళ్లీ బిందెలో పోసింది.

"ఆ పని ఊరోళ్లకేనంట. మనం పట్నపోళ్లం అయినమంట" అంది.

ముందు అందరూ నవ్వారు. ఆమె వేళాకోళం ఆడుతోందనుకున్నారు. ఆమె నవ్వకపోయేసరికి ఒక్కొక్కరే ఆగిపోయారు. ఆ రోజు రాజుకున్న కోపం నాకు ఇప్పటికీ ఆరలేదు. ఏం మారిందని పట్నం? రోడ్డు అదే, గుంతలు అవే, నల్లా నీళ్లు రాకపోవడం అదే. వాకిట్లో కట్టేసిన బర్రె కూడా అదే బర్రె. పంచాయతీ మీద బోర్డు ఒక్కటి మార్చి, ఊరి ఆడవాళ్ల చేతుల్లోంచి పారలు లాగేసుకున్నారు. మీ వాకిట్లో పట్నం వచ్చి నిలబడిందని సంబరపడాలట.

జాకెట్ల ముచ్చట కూడా తొందరగానే తేలింది. ఊడ్చే పని కాంట్రాక్టరు చేతిలో ఉంది. అతని మనిషి వచ్చి జట్టును పంచాయతీ గోడ పక్కన వరసగా నిలబెట్టి చూశాడు. మేటక్క ఉతికిన చొక్కా తొడుక్కుని ముందు నిలబడింది. అతను వయసులో ఉన్న ఇద్దరిని పక్కకు పిలిచి పేర్లు రాసుకున్నాడు. ఆమె దగ్గరికి వచ్చి భుజం చూశాడు. ముందుకు పోయాడు. పోనీ పటేల్ దగ్గరికే పోదామంటే టమాటా చేను లేదు. రాళ్లు పాతి, రంగులు వేసి, ప్లాట్లు చేశారు. అంటే గుట్ట పోయింది, జాకెట్ రాలేదు, చేను కూడా మిగలలేదు. మిగిలింది శంషాబాద్ అడ్డా.

మా బడికి పోయే దారిలోనే అడ్డా. ఒకరోజు బస్సు దిగి పోతుంటే మా జట్టు ఆడవాళ్లు అక్కడ నిలబడి కనిపించారు. వాళ్ల మధ్య ఒక నల్లటి జుట్టు మనిషి. దగ్గరికి పోతేగాని మేటక్క అని గుర్తుపట్టలేదు. జుట్టుకు రంగు వేసుకుంది. సరిగా కడగలేదేమో, చెవి మీద, నుదుటి మీద నల్లటి మరకలు. అంతకంటే వింత, రెండు భుజాలూ సమానంగా ఉన్నాయి. చొక్కా లోపల ఎడమవైపు గుడ్డ మడతలు పెట్టి కుట్టుకుంది.

"ఏంది మేటక్కా గిట్ల?" అన్నాను.

"మేటక్క అనకు టీచరమ్మా, నవ్వుతరు. ఈడ మేస్త్రీ ఒక్కడే పెద్ద." గొంతు తగ్గించి చెప్పింది. ఆమె గొంతు తగ్గించగా నేను వినడం అదే మొదటిసారి. "నిన్న ఎవడో బండిల ఎక్కమన్నడు. తట్ట ఎత్తేసరికి గుడ్డ జారింది. దింపేసిండు."

అంతలో ఒక బండి వచ్చింది. మేస్త్రీ దిగి చూపుడువేలుతో మనుషులను ఏరుకున్నాడు. మా జట్టులో గట్టివాళ్లను పిలిచాడు. వాళ్లు కదలలేదు. మేటక్కను కూడా పిలుస్తాడేమో అని ఆమె వైపే చూస్తున్నారు. ముక్క తవ్వడం అయ్యాక పక్కవాళ్ల కోసం ఆగడం అలవాటైన మనుషులు. మేస్త్రీకి ఇదేమిటో అర్థం కాలేదు, వేరేవాళ్ల వైపు తిరిగాడు. అంతకుముందు కూడా ఇలాగే కొన్ని పనులు పోగొట్టుకున్నారట.

మేటక్క వాళ్ల మీద విరుచుకుపడింది. "నన్నేం చూస్తున్నరే? నేను ఎత్తుమంటే చేతులు ఎత్తిండ్రు గద! ఇప్పుడు ఎక్కుమంటున్న, ఎక్కుండ్రి!"

ఎక్కారు. బండి పోయింది. వెనక్కు తిరిగి చూడటానికి కూడా వాళ్లకు ధైర్యం లేకపోయింది. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది, భుజం మీది గుడ్డ సర్దుకుంటూ.

"నువ్వెత్తకున్నా కలుపుతుండె మేటక్కా. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?" అన్నాను.

"కలుపుతుండె గావచ్చు. గానీ చెయ్యి నాదే గద టీచరమ్మా. వీళ్లతోటి ఎత్తిపిచ్చింది నేనే గద. బతికినన్ని దినాలు ఇగ అడ్డా మొఖం చూడొద్దనుకున్న. నేను చూసుడే గాక వీళ్లను గూడ తెచ్చి నిలబెట్టిన."

నేను ఏదో అనబోయాను. విమానం వచ్చింది. అది పోయేదాకా ఇద్దరం ఆగాం. పోయాక ఆగిన మాటను ఆమె నన్ను అందుకోనివ్వలేదు. బడికి ఆలస్యమైతుంది, పో అంది.

తరువాత రోజూ కనిపించేది. పిలవకపోయినా వచ్చేది. మిగిలినవాళ్లు ఎక్కేదాకా ఉండి, అందరికీ పని దొరికిందో లేదో చూసుకుని, ఎండ ఎక్కాక బస్సెక్కి పోయేది. అవ్వ మాత్రం ఊళ్లో, పని ఎప్పుడు తెరుస్తరే అని కనిపించిన ప్రతి ఒక్కరినీ అడుగుతూ ఉండేది. వానలు మొదలయ్యాక మేటక్కకు జ్వరం పట్టుకుంది. జ్వరంతోనే వచ్చి తడుస్తూ నిలబడేది. జుట్టు రంగు మెడ మీదికి కారేది. దవాఖానకు పోదాం రమ్మంటే, పోతే పొద్దు పోతది, ఇయ్యాల ఎవడన్న పిలుస్తడేమో అనేది. షాద్‌నగర్‌లో ఫ్యాక్టరీ పనికి పోయే కూతురు వచ్చి బలవంతాన చేర్పించింది. అప్పటికే ఆలస్యమైంది.

పోయిన రోజు పొద్దున నేను బడి గేటు దగ్గర ఉండగా ఆ కూతురు ఫోను చేసింది. "అమ్మ పోయింది టీచరమ్మా. దవాఖాన నుంచి సీదా ఊరికే తెస్తున్నం. జట్టోళ్లు ఎవరూ ఫోను ఎత్తుతలేరు. జర నువ్వు చెప్పు" అంది. అడ్డా మీద ఫోన్లు సంచుల్లో ఉంటాయి, ఆ గోలలో వినపడవు. బడికి సెలవు చెప్పి అడ్డాకు పోయాను.

చెప్పేసరికి వాళ్లు కుప్పకూలిపోయారు. రోడ్డు మీదే చతికిలబడి, అక్కా అని గుండెలు బాదుకుని ఏడ్చారు. చాయ తాగేవాళ్లు తిరిగి చూశారు. అంతలో బండి హారన్ మోగింది. మేస్త్రీ దిగాడు.

నేను కళ్లారా చూశాను కాబట్టి రాస్తున్నాను, లేకపోతే నమ్మేదాన్ని కాదు. ఒకామె కొంగుతో మొఖం గట్టిగా తుడుచుకుని లేచి నిలబడింది. ఆమెను చూసి ఇంకొకామె. ముక్కు చీది, వెంట్రుకలు సర్దుకుని, చొక్కా బొత్తాలు పెట్టుకుని, వరసగా నిలబడ్డారు. ఏడ్చిన మొఖాన్ని ఏ మేస్త్రీ పిలవడని వాళ్లకు తెలుసు. మేస్త్రీ "ఏమైంది?" అన్నాడు. "ఏం లేదు" అంది ముందున్నామె. అతను వేలు చూపించినవాళ్లు ఒక్కొక్కరే బండెక్కారు. చివర ఎక్కినామె నా చెయ్యి పట్టుకుని, "రెండు దినాలాయె పొయ్యి సరిగ్గ అంటుకోక. మా పేరు మీద గూడ పిడికెడు మట్టి ఎయ్యి అక్కా" అంది. నేను తల ఊపాను.

ఇంకో బండి వచ్చింది, ఇంకొందరిని తీసుకుపోయింది. ఆ తరువాత బండ్లు రాలేదు. మోకాలికి కట్టు కట్టుకున్నామె, ఆరో నెల కడుపుతో ఉన్నామె, దగ్గు ఆగనామె మిగిలారు. వాళ్లను తీసుకుని నేను ఊరి బస్సెక్కాను. కండక్టరు నలుగురికీ ఆడవాళ్ల ఉచిత టికెట్లు కొట్టి ఇచ్చాడు. అన్నేళ్లు అంతమందిని వెంటేసుకుని నడిచిన మనిషి చావుకు అడ్డా మీది ఆమె జట్టులోంచి పోతున్నది ఆ ముగ్గురే.

బస్సు పెద్దరోడ్డు దిగింది. మోకాలి కట్టు ఆమె నా పక్కన కూర్చుని, కిటికీలోంచి ప్లాట్ల రాళ్లు చూస్తోంది. ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

"అక్కా, నీకు అబద్ధమెందుకు చెప్పాలె. ఇయ్యాల వాడు నన్ను గూడ పిలిస్తే నేను గూడ ఎక్కిపోతుంటి."